కర్మణి ప్రయోగం

మోసపోయినవాడు మామూలుగా మోసం చేసినవాడి దగ్గర కథ మొదలుపెడతాడు. నేను నా తెలివితక్కువతనం దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే పనిలో సగానికి పైగా చేసిపెట్టింది అదే. నా పరిశోధన నివేదికలోంచి నన్ను ముందుగా తీసేసింది నేనే. ఇంకొకరికి ఆ శ్రమ లేకుండా, ఒక్కో వాక్యంలోంచి, నా చేత్తోనే.

అవి తొంభైలలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, పార్ట్‌టైమ్. పేరున ఒక పరిశోధన నివేదిక ఉంటే పర్మనెంటు చేసే సంగతి చూస్తానని కాలేజీ కరస్పాండెంటు మాటిచ్చాడు. ధర్మవరం మగ్గాల మీద పోగులు ఊరికే తెగిపోతున్నాయని నేతగాళ్లు మొత్తుకుంటున్నారు. హిందూపురంలో, పెనుకొండలో పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీస్తారు కదా, ఆ నీళ్లలోనే ఏదో ఉందని నాకు అనుమానం. తర్కశాస్త్రంలో అనుమానమంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. మా వైపు అనుమానమంటే ఉత్త అనుమానమే. నా పరిశోధన మొదటి అర్థంలో మొదలై రెండో అర్థంలో పడింది.

పథకం బాగానే వేసుకున్నాను. దారం తీసే యూనిట్లు కొన్ని ఎంచుకోవడం, తొట్టి నింపేముందు ఒక సీసా, గూళ్లు ఉడికాక ఒక సీసా నీళ్లు పట్టుకోవడం, ఆ పూట తీసిన దారం తెచ్చి ఎంత లాగితే తెగుతుందో చూడటం. పథకంలో నేను మరిచిపోయింది మనుషుల్ని. సీసాలు చూడగానే తలుపు దగ్గరే ఆపేసేవాళ్లు. రైల్లో పక్కనాయన నా సంచిలో గలగల విని కన్ను గీటాడు.

"ఏమప్పా, కర్ణాటక సరుకా?"

"కాదన్నా, నీళ్లు."

"అందరూ అట్లే చెప్తారులే."

పెనుకొండలో ఇంకా అన్యాయం. ఒక యూనిట్ యజమాని, గుబురు మీసాలాయన, సీసా లాక్కొని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎవరు పంపించినారు నిన్ను?"

"ఎవరూ లేదన్నా. కాలేజీలో సారును. నీళ్లు పరీక్ష చేస్తాండా."

"నీళ్లకు పరీక్షలా? పిల్లోళ్లకు పెట్టేటివి చాల్లేదా? సేల్స్‌ట్యాక్సోళ్లు ఏ ఏ వేషాల్లో వస్తాండారో నాకు తెల్దనుకున్న్యావా?"

పొయ్యి పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాడు, మా కాలేజీకి ఫోను కలిసేదాకా కదలొద్దన్నాడు. ఫోను కలవలేదు. గూళ్లతోబాటు నేనూ సగం ఉడికాను. చివరికి నా మొహం ఎగాదిగా చూసి, "ఇట్లాంటోణ్ణి ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోర్లే" అని తనకు తానే తేల్చుకొని, అడిగినన్ని నీళ్లిచ్చి పంపాడు. నా పరిస్థితిని అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేదు.

ఇదంతా మా కెమిస్ట్రీ శాఖ పెద్దసారుకు చెప్పుకున్నాను.

"అయ్యన్నీ రాయగూడదప్పా" అన్నాడాయన. "సైన్సులో 'నేను' అనే మాటే రాగూడదు. నమూనాలు సేకరించబడినాయి, కొలవబడినాయి, అంతే. చేసినోడు కనపడకుంటేనే అందం."

ఇంగ్లిషు నివేదికలకు అదే పద్ధతని నాకూ తెలుసు. వ్యాకరణంలో దాని పేరు కర్మణి ప్రయోగం. నేను చేస్తున్నదీ ప్రయోగమే, నాదీ ఒక కర్మే కాబట్టి ఆ పేరు నచ్చింది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు నన్ను నేను ఏరేసుకున్నాను. సేకరించబడిందీ, కొలవబడిందీ నీళ్లు. కష్టపడిందీ, మాటపడిందీ నేను. నివేదికలో 'బడు'లు మిగిలాయి, 'పడు'లు పోయాయి.

నీళ్లలో ఉప్పు ఎక్కువైన చోట దారం తొందరగా తెగుతోందని తేలింది. ఆ రోజు నుంచి పెద్దసారు మారిపోయాడు. అంతవరకూ 'నీ ప్రాజెక్టు' అనేవాడు, 'మన ప్రాజెక్టు' అనసాగాడు. స్టాఫ్‌రూములో తన పక్క కుర్చీ చూపించేవాడు. నాకు ఎప్పటినుంచో ఉన్న కడుపులో మంట ఎలా ఉందని అడిగేవాడు. ఈ ప్రేమంతా ఎందుకోనన్న అనుమానంతో, ఆయన తెప్పించిన మసాలవడను కూడా అటూ ఇటూ తిప్పి చూసి గానీ కొరకలేని స్థితికి వచ్చాను. ఒకరోజు వరండాలో ఎవరితోనో 'నా ప్రాజెక్టు' అనడం చెవిన పడింది. నీ, మన, నా. సర్వనామాలు వరసగా నడుచుకుంటూ మా ఇంట్లోంచి వాళ్లింట్లోకి వెళ్లిపోయాయి. ఆయన కన్నేసిన ప్రిన్సిపాలు కుర్చీ త్వరలో ఖాళీ అవుతోందని కూడా అప్పుడే విన్నాను.

అనుమానం నిలవనీయక, నివేదిక టైపు చేస్తున్న డీటీపీ సెంటరుకు వెళ్లాను. ఆపరేటరు తెర మీంచి కళ్లు తీయలేదు.

"పెద్దసారు కవరు పేజీ చేయించుకొని పొయినాడు సార్. ఒగటే పేరు, ఆయప్పదే. మరి మీ పేరు యాడ పెట్టాలని నేను ఆయప్పనడిగితే, లోపల మీరు కనపడే వాక్యం ఒగటి చూపించు, పెడదాం అన్న్యాడు."

అక్కడే నిలబడి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. ఒక్కటీ లేదు. నా ఇంట్లో నేనే దొంగతనం చేసి వేలిముద్రలు కూడా తుడిచిపెట్టుకున్నంత శుభ్రంగా రాశాను.

నిలదీయాల్సింది. నిలదీయలేదు. పార్ట్‌టైమ్ వాడికి కోపం కూడా పార్ట్‌టైమే.

కొన్నాళ్లకు ధర్మవరంలో నేతగాళ్లనూ యూనిట్ల వాళ్లనూ పిలిచి ఆ నివేదిక వినిపించే సభ పెట్టారు. ఇంగ్లిషులో ఉన్నదాన్ని వచ్చేవాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో చదవమన్నారు. పెద్దసారు ప్రతి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తెలుగు చేసిపెట్టప్పా. ఉన్నదున్నట్టు చెయ్, నీ సొంతం ఏమీ కలపొద్దు."

ఉన్నదున్నట్టే చేశాను. అయితే ఆ 'బడు'లతో తెలుగు వాక్యం నడవదు, కుంటుతుంది. మన భాషలో చేసినవాడు క్రియ తోక పట్టుకొని వేలాడుతూనే ఉంటాడు. 'సేకరించబడినవి' కావాల్సిన చోట 'సేకరించాను' అని రాశాను. 'కొన్ని ఇబ్బందులు ఎదుర్కొనబడినవి' అన్నచోట ఆ ఇబ్బందులేవో రాశాను. కర్మణిని కర్తరి చేశానంతే, ఒక్క అబద్ధం కలపలేదు. మంచి అనువాదమంటే అదేనని నా నమ్మకం. ఆయన ముందే చదువుకుంటాడేమోనని మాత్రం రైలెక్కేదాకా ఆయన చేతులవైపే చూస్తూ ఉన్నాను. ధర్మవరం పాసింజర్లో నా ఎదురుగా కూర్చొని ఆయన కవరు పేజీ ఒక్కటే చూసుకున్నాడు. చూసుకొని హాయిగా నిద్రపోయాడు.

సభలో కరస్పాండెంటు ముందు వరసలో, నేను చివరి వరసలో. నా ముందు కుర్చీలో పెనుకొండ మీసాలు. ఆయన నన్ను చూడలేదు. పెద్దసారు మైకు ముందు గొంతు సవరించుకున్నాడు.

"సీసాల సంచి భుజానేసుకొని, ఎండలో యూనిటు యూనిటుకూ తిరిగాను…"

గొడుగు లేనిదే కాలేజీ గేటు దాటని మనిషి. మా కాలేజీవాళ్లలో ఎవరో దగ్గారు. ఆయన ఆ వాక్యాన్నే మళ్లీ ఒకసారి చూసుకున్నాడు గానీ, అందరి ముందూ ఆగడం నామోషీ.

"పెనుకొండలో ఒక యజమాని నన్ను సేల్స్‌ట్యాక్సు మనిషి అనుకొని పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు…"

మీసాలాయన దిగ్గున లేచాడు.

"ఆగు సార్! కూర్చోబెట్టింది నేనే. నిన్ను కాదే! ఆయప్ప సన్నగా పుల్ల మాదిరి ఉండె. నువ్వు కూర్చోనుంటే మా స్టూలు ఈ పొద్దుకు ఉంటాండెనా?"

సభంతా గొల్లుమంది. పెద్దసారు కాగితం ముందుకూ వెనక్కూ తిప్పి, అలవాటైన చోటే తల దాచుకున్నాడు.

"అంటే… సేకరించబడినాయిలేప్పా. ఎవరైతే ఏముండాది?"

కరస్పాండెంటు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ అడిగాడు.

"ఎవరైతే ఏముండాదంటే ఎట్ల సార్? నేను తిరిగినా, నన్ను కూర్చోబెట్టినారు అని మీరే చదివితిరి కదా. మరి ఈ 'నేను' ఎవరు?"

వేదాంతులు జన్మంతా వేసుకునే ప్రశ్న. జవాబు నా దగ్గర ఉంది. చివరి వరసలో లేచి నిలబడి, "నేను" అన్నాను.

మీసాలాయన వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఆ, ఈయప్పే" అన్నాడు, ఇంకా కొంచెం అనుమానంగానే.