పొలం కొంటానన్న వాల్టర్, అర్థం అడిగిన రోజమ్మ

మా రోజమ్మ ఆంటీ అర్థం కాని మాటకి అర్థమైనట్టు తలూపే మనిషి కాదు. బాపట్లలో నర్సుగా చేసి, నలభై దాటాక ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వచ్చి, వృద్ధుల్ని చూసుకునే కేర్ హోమ్‌లో చేరింది. మొదట్లో ఇక్కడి యాస అంతుపట్టక, "మళ్ళీ చెప్పండి" అని అడిగేది. తోటివాళ్ళు కొందరు నవ్వేవాళ్ళు.

"మందు పేరు తప్పుగా వింటే ఒకరి ప్రాణం మీదకొస్తుంది. వాళ్ళు నవ్వితే నాకేం పోయింది?" అనేది.

ఆ హోమ్‌లో వాల్టర్ అనే అమెరికా పెద్దాయన ఉన్నాడు. కుర్రతనంలో వాళ్ళ ఎయిర్ ఫోర్స్‌తో ఇంగ్లండ్ వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి ఉండిపోయాడు. తొంభైకి దగ్గరపడ్డా మాటల్లో చురుకు తగ్గలేదు.

పోయిన మార్చిలో ఒక ఉదయం టీ ఇచ్చిన అమ్మాయితో ఆయన, "ఇవాళ ఐ విల్ బై ద ఫార్మ్" అన్నాడు. ఆ అమ్మాయి బయటికొచ్చి, "పాపం వాల్టర్‌కి మతి తప్పుతోంది. పొలం కొంటాడట!" అంది. అందరూ నవ్వారు. ముందురోజు సాయంత్రం పేపర్ చదివి వార్తలన్నీ చెప్పిన మనిషికి తెల్లారేసరికి మతి ఎలా పోతుందని ఆంటీకి అనుమానం వచ్చింది. నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది.

"పొలం కొంటానన్నారట. ఆ మాటకి అర్థమేంటి?"

వాల్టర్ నీరసంగా నవ్వాడు. "చచ్చిపోతానని, రోజీ. మా ఎయిర్ ఫోర్స్ కుర్రాళ్ళ పాత మాట."

"మరి ఇవాళెందుకు అన్నారు?"

"పొద్దుట్నుంచి ఎడమ చెయ్యి లాగేస్తోంది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని..."

ఆంటీ ఆయన మాట పూర్తికానివ్వలేదు. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. గుండెపోటే. స్టెంట్ వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పారు.

ఆయన కోలుకుని తిరిగొచ్చాక ఆంటీ మళ్ళీ పట్టుకుంది. "చావుకీ పొలానికీ సంబంధమేంటి?"

"ఖచ్చితంగా ఎవరికీ తెలీదు. విమానం ఎవరి పొలంలోనైనా కూలితే ఆ రైతుకి నష్టపరిహారం వచ్చేది. పైలట్ తన ప్రాణమిచ్చి ఆ పొలం కొన్నట్టన్నమాట. సైనికుడు పోతే వచ్చే ఇన్సూరెన్స్‌తో అమ్మానాన్నల పొలం తాకట్టు విడిపించేవాళ్ళనీ, మాట అక్కడ పుట్టిందనీ కొందరంటారు. ఇంటికెళ్ళి పొలం కొనుక్కుంటానని కలలుగన్నవాడు పోతే, 'కొనేశాడు' అని స్నేహితులు చెప్పుకునేవాళ్ళని ఇంకొందరంటారు."

"ఆ వయసు పిల్లలు చావు గురించి అంత తేలిగ్గా మాట్లాడేవాళ్ళా?"

"భయం బయటికి కనబడకూడదు కదా, రోజీ."

ఆంటీ ఆయన భుజం మీద దుప్పటి సర్దింది.

తర్వాత, కొత్తగా చేరేవాళ్ళకి పాఠం చెప్పే పని మేనేజర్ ఆంటీకే అప్పగించింది. అప్పుడే అక్కడ పనిలో చేరిన నేనూ మొదటి క్లాసులో ఉన్నాను. "పేషెంట్ మాట వింతగా ఉంటే పక్కవాళ్ళతో చెప్పుకుని నవ్వకండి. ముందు ఆయన్నే అడగండి" అంది. ఆ రోజు టీ ఇచ్చిన అమ్మాయి కూడా వచ్చి కూర్చుని శ్రద్ధగా విన్నది.

సెప్టెంబరులో మా తెలుగు చర్చి భోజనాలకి ఆంటీ వాల్టర్‌ని వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చింది. బిరియానీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, ఎవరు పలకరించినా ఆయన ఆంటీ వైపు చూపిస్తూ, "నన్ను బతికించింది ఈవిడే" అని చెప్పసాగాడు. ఆంటీ కూతురు హెప్సి నీళ్ళు తెచ్చిస్తే ఆ అమ్మాయికీ అదే చెప్పాడు.

"ఐ నో," అంది హెప్సి తలెత్తి. "షీ ఈజ్ మై మమ్."