చక్రం కింద మొక్కు బెల్లం

పోయిన జాతర బుధవారం ఉదయం ఆరుంబావుకు వరంగల్ నుంచి మా పాత కారులో మేడారం బయలుదేరాం. మా ఆయన, నేను, నాలుగేళ్ల మనవరాలు. పిల్లకు జ్వరం తగ్గితే దాని ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తానని సమ్మక్కకు మొక్కుకున్నాను. పద్నాలుగు కిలోలు, రెండు ముద్దలుగా డిక్కీలో పెట్టాం. దానికి ఎవరి కాలూ తగలకూడదని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను.

ములుగు చేరేలోపు కారు రెండుసార్లు ఆగింది. మూడోసారి అడవిలో, ఎత్తు ఎక్కుతుండగా పొగలు కక్కింది. మా ఆయన హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి బానెట్ ఎత్తారు. పిల్ల వెనక సీట్లో నిద్రపోతోంది. నేను నీళ్ల క్యాను కోసం డిక్కీ తెరిచాను. అంతలో టప్పున బ్రేకు తీగ తెగింది. కారు వెనక్కి, నా మీదికి కదిలింది.

"జరుగే! రాయెయ్యి, రాయి!" అని అరుస్తూ ఆయన ముందు నుంచి పట్టి లాగుతున్నారు. వెనక గోడ లేని కల్వర్టు. ఒక్క రాయీ కనబడలేదు. డిక్కీలోంచి ఒక ముద్దను కిందికి లాగి, పక్కకు తప్పుకుని, కాలితో చక్రం కిందికి తన్నాను. బెల్లం నలిగింది. కారు ఆగింది.

కారు కదిలిన కుదుపుకే లేచిన పిల్ల పక్క అద్దంలోంచి అంతా చూసింది. "నానమ్మా, నువ్వే తన్నద్దంటివి, నువ్వే తన్నినవా?"

"అమ్మ ఇక్కడికే ఎదురొచ్చి తీస్కున్నది, బిడ్డా," అన్నారు ఆయన.

తూకం కొంచెం తగ్గినా దుకాణం మెట్లు దిగని దాన్ని నేను, మేడారం చేరాక అమ్మవార్ల గద్దెల దగ్గర తక్కువపడిన బెల్లం కొని కలపలేదు.

పోయినవి: ఏడు కిలోల బెల్లం, బ్రేకు తీగ, ముద్ద లాగేటప్పుడు చిట్లిన నా కుడిచేతి గాజులు.