కమోరికి సూది మొదలుపెట్టిన ఏడు

నా భర్త పేరు కమోరికి. అతను పోయి ఈ వర్షాలకు రెండేళ్ళు. డెబ్బై మూడో ఏట ఊపిరితిత్తుల జబ్బు తీసుకుపోయింది. షుగరు మాత్రం అతన్ని చంపలేకపోయింది. ఇరవై ఏడేళ్ళు దాన్ని వెంటేసుకు తిరిగాడు, రెండు కాళ్ళతోనే సమాధిలోకి వెళ్ళాడు. పసిఫిక్ సముద్రంలోని మయానా దీవిలో మా వీధి వాళ్ళు ఇప్పటికీ ఆ కాళ్ళ సంగతే చెప్పుకుంటారు.

అతని పని కల్లుగీత. పొద్దున, సాయంత్రం ఎనిమిది కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. విచ్చుకోని పూగెలను తాడుతో బిగించి, కొనను రేకంత పలచగా చెక్కి, సీసా కట్టి దిగేవాడు. పులియని తీపికల్లు పిల్లలకు, మిగిలింది కాచి పాకం. చెట్టు మీద ఉన్నంతసేపూ గొంతెత్తి పాడేవాడు. మా దగ్గర గీసేవాళ్ళంతా పాడతారు. పైన మగాడున్నాడని కింద స్నానం చేసే ఆడవాళ్ళకు తెలియాలి కదా.

నలభై ఆరో ఏట జబ్బు బయటపడింది. రాత్రింబగళ్ళు దాహం, కాలి మీద గీరుకున్నది నెల దాటినా మానకపోవడం. మా నర్సు తెరేసియా ఒక మాత్ర ఇచ్చింది, టీలో పంచదార మానమంది, అన్నం తగ్గించమంది. అన్నీ చేశాడు. ఆర్నెల్లకు నెత్తురు పరీక్ష మామూలు మనిషికి వచ్చినట్టే వచ్చింది. ఇక ఆ గర్వం చూడాలి.

"షుగరా? దాన్ని రోజుకి పదహారుసార్లు చెట్టెక్కిస్తున్నాను. అలిసిపోయి పడుకుంది" అనేవాడు కనిపించిన ప్రతివాడితో.

ఆరేళ్ళకు రెండో మాత్ర చేరింది. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. పన్నెండో ఏడు వచ్చేసరికి రెండు మాత్రలూ నిండుగా వేసుకుంటున్నా షుగరు ఉండాల్సినదానికి రెండింతలుంది. మనిషి చిక్కిపోయాడు. ఎడమ కాలి వేళ్ళ మధ్య పుండు పడింది. తెరేసియా సూది మొదలుపెట్టాలంది.

మా ఊళ్ళో అప్పట్లో సూది అంటే శిక్ష. చాటుగా తీపి తిన్నవాళ్ళకే అది పడుతుందని అందరి నమ్మకం. పైగా ఇతను రోజూ తీపికల్లు చేతపట్టుకు దిగేవాడు. ఎవరు ఊరుకుంటారు? మనేబాలో, అంటే మా ఊరి సభాశాలలో, పెద్దలందరూ చాపల మీద కూర్చుని ఉండగా మా తమ్ముడు బ్వెనావా అననే అన్నాడు.

"బావా, చెట్టు మీద సీసాకెంత, నోటికెంత?"

అందరూ నవ్వారు. కమోరికీ నవ్వాడు. కానీ అందరికంటే ముందే చాప మీంచి లేచి ఇంటికొచ్చేశాడు.

తమ్ముణ్ణి అని ఏం లాభం, నేను అంతకంటే కనాకష్టం. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని. అతని బుట్ట వెతికాను, చాప కింద వెతికాను. ఒక సాయంత్రం చెట్టు దిగి రాగానే ఎదురెళ్ళాను.

"నోరు తెరువు. వాసన చూడాలి."

తెరిచాడు. మూశాడు. "రోటియా, నేను నీ మూడో తరగతి పిల్లాణ్ణి కాను."

"అయితే సూది వేయించుకో."

"వేయించుకుంటే తాగానని ఒప్పుకున్నట్టే. తాగలేదు. వేయించుకోను."

ఆ మాట దగ్గర బిగుసుకుపోయాడు. పుండు నల్లబడితే పడవెక్కించి రాజధాని తరవాలో ఆసుపత్రికి పంపాలని, అక్కడ పాదం తీసేయొచ్చని తెరేసియా నాతో విడిగా చెప్పింది. పాదం లేని గీతకాడు ఏం చేస్తాడు? నిజం తేల్చుకుందామని మర్నాటి నుంచి నేనే చెట్ల కిందికి వెళ్ళాను. పొదల చాటున నిలబడి అతని పాట వింటూ ఉన్నాను. తాగాలంటే పాట ఆపాలి. ఆరు రోజులు, రెండు పూటలా, ఎనిమిది చెట్లు. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు తప్ప ఎక్కడా ఆగలేదు.

ఆరో రోజు సాయంత్రం చివరి చెట్టు మీంచి, కిందికి చూడకుండానే అన్నాడు.

"టీచరమ్మా, రేపూ వస్తావా? వస్తే పాట మారుస్తాను. పాతది విని విని విసిగిపోయుంటావు."

నాకు తల కొట్టేసినట్టయింది. పుండుకు కట్టు మార్చే వంకతో మర్నాడు అతన్ని తెరేసియా దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఈయన తాగట్లేదమ్మా. నేను కళ్ళారా, చెవులారా చూసుకున్నాను" అన్నాను.

"తాగుతున్నాడని నేనెప్పుడన్నాను పిన్నీ?" అంది తెరేసియా.

"మరి సూది ఎందుకు?"

"ఈ జబ్బు నడకే అంత. షుగర్ని అణిచే రసం కడుపులోనే ఊరుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఊట తగ్గుతుంది. ఉన్న ఊటతో పని చేయించేవి మాత్రలు. ఊటే తగ్గితే అవేం చేస్తాయి? బాబాయి తిండి, చెట్లెక్కడం వల్లే పన్నెండేళ్ళు ఆగింది."

కమోరికి అప్పటిదాకా గోడ వైపు చూస్తున్నాడు. ఇటు తిరిగాడు.

"కొత్త గెల మొదట్లో రెండు సీసాలిస్తుంది. తర్వాత ఒకటి, ఆ తర్వాత సగం. నా కత్తి అదే, తాడు అదే. దాని ఊట అయిపోవడమే. అదేనా నువ్వు చెప్పేది?"

"అదే బాబాయ్. కాకపోతే చెట్టుకి ఇంకో గెల వస్తుంది. మనకి రాదు. అందుకే బయటినుంచి పోసుకోవాలి."

"ఈ మాట మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. అప్పుడు మీరు షుగర్ని చెట్టెక్కిస్తున్నారు."

అతను చాలాసేపు నవ్వాడు. కానీ మందు పుచ్చుకోలేదు. "నాకు తెలిస్తే సరిపోదు. ఊరందరి ముందూ దొంగనయ్యాను" అన్నాడు. ఆ దొంగతనం అంటగట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి శనివారం మనేబాలో లేచి నిలబడ్డాను. ఆరు రోజులు నేను విన్నదీ, తెరేసియా చెప్పిందీ మొదటినుంచి చివరిదాకా చెప్పాను.

"అక్కా, బావ పైనుంటే నువ్వు కింద నిలబడి చూశావా? ఈ వయసులోనా?" అన్నాడు బ్వెనావా. ఆడవాళ్ళు చేతుల్లో ముఖాలు దాచుకుని నవ్వారు.

మూలన కూర్చున్న ముసలి గీతకాడొకాయన మాత్రం నవ్వలేదు. "పాట ఆగలేదా?" అని అడిగాడు.

"ఆగలేదు తాతా."

"అయితే తాగలేదు. కల్లు నోట్లో పెట్టుకుని పాడే మొనగాడు ఇంకా పుట్టలేదు."

పెద్దల తలలు ఊగాయి. మర్నాడు పొద్దున్నే కమోరికి సూది మొదలుపెట్టాడు. మందుసీసాను డబ్బాలో పెట్టి బావిలోకి వేలాడదీసేవాడు, చల్లగా ఉంటుందని. రెండు నెలలకు పుండు మానింది. ఓసారి చెట్టు మీద పాట ఉన్నట్టుండి ఆగిపోతే చెట్టు కిందికి పరిగెత్తాను. "షుగరు పడిపోయింది, చేతులు వణుకుతున్నాయి. అలాంటప్పుడు రెండు గుక్కలు తాగమని నర్సే చెప్పింది. అనుమానముంటే వెళ్ళి అడుగు" అన్నాడు పైనుంచి.

జబ్బు అక్కడితో ఆగలేదు, ఆగుతుందని అతనూ అనుకోలేదు. అరవై ఆరో ఏట అరికాళ్ళకు చెట్టుకు చెక్కిన మెట్లు తెలియడం మానేశాయి. ఒక్కరోజు కూడా సణగకుండా కత్తి మా అల్లుడి చేతికిచ్చి, కింద నిలబడి తప్పులు ఎంచడం మొదలుపెట్టాడు. మందు మోతాదు పెరిగింది. కుడి కన్ను మసకబారింది. ప్రతిసారీ తెరేసియాతో ఒకటే మాట: "ఊట ఇంకా తగ్గిందా? అయితే మందు పెంచు."

అతను పోవడానికి రెండేళ్ళ ముందు ఒక మధ్యాహ్నం బ్వెనావా వచ్చాడు. చేతిలో తెరేసియా తనకని ఇచ్చిన మందుసీసా, సూదుల పొట్లం. గుమ్మంలోనే తల వంచుకు నిలబడ్డాడు. ఇన్నేళ్ళ వేళాకోళాలకు ఇవాళ వడ్డీతో సహా దొరికాడనుకున్నాను. పాయసమా, డోనట్లా అని నేనే నోరు తెరవబోయాను కూడా.

కమోరికి చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఏం తిన్నావని అడగలేదు. చాప పరిచి, మసక కన్ను చికిలించి సీసాను వెలుతురుకు పట్టుకుని, "కూర్చో. చొక్కా పైకెత్తు. బొడ్డుకి నాలుగు వేళ్ళ దూరంలో చిటికెడు చర్మం పట్టుకో" అన్నాడు.