గుడ్డ పరీక్ష

పోయే ముందురోజు సాయంత్రం కూడా పొగమామయ్య షాపు మూసేముందు పొగ కొలిచే మిషన్ గొట్టం తుడిచి, నోటి దగ్గర పెట్టుకుని "హా" అని ఊదాడు. దారినపోయే బళ్లన్నిటికీ పొగ పరీక్ష చేసే మనిషికి ఆ ఒక్క పిచ్చీ ఉండేది: రోజూ తనకూ పరీక్ష.

"పాస్," అన్నాడు కూతురితో. "ఇంకో ఆర్నెల్లు తిరగొచ్చు."

"మరి ఆ దగ్గు సంగతేంటి నాన్నా?"

"దీనికి కనబడే పొగే లెక్కమ్మా. దగ్గు కనబడదుగా."

తెల్లారేసరికి లేడు.

ఆయనకు జేబురుమాళ్లు నిలిచేవి కావు. కూతురు డజన్ల లెక్కన కొనేది, అవి మాయమయ్యేవి. నాలుగేళ్లుగా ఇస్త్రీ అతనితో ఒకటే పోట్లాట.

"తింటున్నావా ఏంటి వాటిని?"

"నాకు అన్నం దొరుకుతూనే ఉందమ్మా," అనేవాడతను.

రెండు వారాల తర్వాత ఆమే షాపు తెరిచింది. నాన్న కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. కొక్కేనికి వేలాడుతున్న గొట్టం గాలి లేకుండానే మెల్లగా ఊగుతోంది. ఆమె అటు చూడకుండా పని మొదలుపెట్టింది.

మొదట బడి వ్యాను వచ్చింది. నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కించింది. మిషన్ పాస్ అంది. సంతకానికి పెన్ను తీసింది.

"గుడ్డ పరీక్ష చెయ్యరా?" అన్నాడు డ్రైవరు.

"అదేంటి?"

"మామయ్య మిషన్‌ని నమ్మేవాడు కాదమ్మా. నిలబెట్టి అడిగితే ఏ బండైనా బుద్ధిమంతురాలే, పిల్లల బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు అడగాలి అనేవాడు. పొగగొట్టానికి తెల్లగుడ్డ కట్టి వెనకాలే నడిచేవాడు. నల్లబడితే సంతకం లేదు. తనే కూర్చుని బాగుచేసేవాడు. ఆ పొగంతా వెనక సీటు పిల్లలకే కదా. గుడ్డలు ఆ వెనక గదిలో ఉంటాయి."

గది తలుపు తీసింది. కిటికీ లేదు. తాళ్ల మీద వందల జేబురుమాళ్లు. ఒక్కోదాని నడుమ ఒక నల్లటి గుండ్రం, తెరిచిన నోరులా. ఆమె ఊపిరి వదలగానే అన్నీ ఒక్కసారి కదిలాయి. "హా" అన్నట్టే వినబడింది.

ప్రతిదాని కిందా నాన్న రాతలో తేదీ, బండి నంబరు. బడి వ్యానువి మొదట్లో కాటుక నలుపు, పోనుపోనూ బూడిద రంగు. చివరిది మల్లెపువ్వులా తెల్లగా ఉంది, మూలన ఇస్త్రీ అతని నీలిదారం గుర్తుతో సహా.

పెన్ను జేబులో పెట్టుకుని, కొత్త రుమాలు తీసుకుంది.

"పదండి, ఎత్తు ఎక్కుదాం. ముందు ఇస్త్రీ బండి దగ్గర ఒక్క నిమిషం ఆపండి."

ఆమె క్షమాపణంతా విని ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టాడు.

"నాకు ముందే తెలుసమ్మా. చెప్పొద్దని మామయ్య ఒట్టు పెట్టించుకున్నాడు. మీరు తిట్టిన ప్రతిరోజూ సాయంత్రం వచ్చి టీ ఇప్పించేవాడు." తల గోక్కున్నాడు. "మధ్యలో రెండు నెలలు మీరసలు తిట్టలేదు. చాలా ఇబ్బంది పడ్డాను."