పాల చొక్కా

మా అమ్మకు కుళ్లు. కన్నకూతుర్ని నేనీ మాట అనకూడదు గానీ, ఆవిడే ఒప్పుకుంటుంది. "అవును, నాకు కుళ్లే. ఉంటే ఏం?" అంటుంది, చేతిలో పని ఆపకుండా. కోపమొస్తే దిగమింగుకుంటుంది, ఆకలేస్తే చెప్పదు, జ్వరమొస్తే మూడో రోజుకు గానీ మాకు తెలియదు. కుళ్లు మాత్రం దాచుకోలేదు. మెడ మీద ఎర్రగా పొంగుతుంది. అలా పొంగిన రోజుల్లో నేను గిన్నెలు కూడా చప్పుడు చేయకుండా కడిగేదాన్ని.

అప్పుడు నాకు ఆరేళ్లు దాటాయి. మాది రెండు వాటాల ఇల్లు. ఇటు మేము, అటు పెదనాన్న వాళ్లు, మధ్యలో వాకిలి ఒకటే. నాన్న ఊళ్లోవాళ్ల పొలాలకు ట్రాక్టరు తోలేవాడు. అమ్మకు ఆరు ఆవులు. తెల్లారకముందే లేచి పాలు పితకడం, డబ్బాలు సైకిలుకు కట్టుకుని పాలకేంద్రానికి తీసుకెళ్లడం, గడ్డి కోసుకురావడం, కొట్టం కడగడం. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి మళ్లీ మూడింటికి ఆవుల దగ్గరకే. ఆవులకు ఆదివారం ఉండదు కాబట్టి అమ్మకూ ఉండేది కాదు.

పాలు పితికేటప్పుడు బట్టల మీద నాన్న పాత చొక్కా ఒకటి తొడుక్కునేది. ఆ చొక్కాకు సబ్బు తగలనిచ్చేది కాదు, ఊరికే నీళ్లలో జాడించి ఆరేసేది. ఎందుకని అడిగితే, "ఆవు మనిషి మొహం చూడదే పిచ్చుకా, వాసన చూస్తుంది" అంది. పిచ్చుక అంటే నేనే. తెలిసిన వాసన తగలకపోతే ఆవు పాలు పైకి లాక్కుంటుంది, పొదుగు ఎంత నిమిరినా దింపదు. అమ్మకు ఒంట్లో బాగాలేని రోజున నాన్న అదే చొక్కా తొడుక్కుని కూర్చుంటే ఆవులు మారుమాట లేకుండా ఇచ్చేవి. ఎర్రావును కొన్నప్పుడు దాన్ని అమ్మినవాడి తువ్వాలు కూడా అడిగి తెచ్చుకుంది అమ్మ. రెండు రోజులు ఆ తువ్వాలు కప్పుకుని పితికింది, రెండు రోజులు భుజాన వేసుకుంది, రెండు రోజులు పక్కన గుంజకు కట్టింది, ఏడో రోజు తీసేసింది. అప్పటికి ఎర్రావు అమ్మది అయిపోయింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమ్మ మొదట వాడిన చొక్కా నీలం గళ్లది. తమ్ముడికి ఆరో నెల వచ్చినప్పుడు అది తీగ మీంచి మాయమైంది. కుక్క లాక్కుపోయిందని తేల్చారు. తర్వాత ఖాకీ చొక్కా వచ్చింది. ఆవులు దానికి అలవాటు పడేదాకా అమ్మ ఇంటిల్లిపాదినీ తిట్టింది.

తమ్ముణ్ణి అందరం బుడంకాయ అనేవాళ్లం. ఆరో నెల నుంచీ వాడు పెద్దమ్మ చేతుల్లోనే పెరిగాడు. పెద్దమ్మకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ మోకాళ్లూ మోచేతులూ తప్ప ఇంకేమీ లేని వయసులో ఉండేవాళ్లు, ఎత్తుకోవడానికి పనికొచ్చేవాళ్లు కాదు. ఆవిడకు ఎండాకాలం కూడా చలే. ఎప్పుడూ గోధుమరంగు స్వెటర్ ఒకటి ఒంటి మీద ఉండేది. బుడంకాయ ఆ స్వెటర్ బొత్తాం నోట్లో పెట్టుకుని నిద్రపోయేవాడు. నేను ఎవరి బొత్తామూ నోట్లో పెట్టుకోకుండానే పెరిగాను, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

అమ్మ పనికి పోకపోతే ఇల్లు గడవదు, పెద్దమ్మ చూసుకోకపోతే పిల్లాడు గడవడు. అది తెలిసి కూడా అమ్మకు కడుపు మండేది. పెద్దమ్మ వాడికి స్నానం చేయించి ఎడమవైపు పాపిడి తీసేది. అమ్మ గడ్డిమోపు దించీ దించగానే తల తడిపి కుడివైపు దువ్వేది. సాయంత్రం మళ్లీ ఎడమ. చివరికి వాడి జుట్టు ఎటూ పడుకోక నడినెత్తిన నిలబడిపోయింది. పెద్దమ్మ తీసిన గోళ్లనే అమ్మ మళ్లీ తీసేది. ఓసారి మరీ లోపలికి తీసి వాణ్ణి ఏడిపించింది. "నీ దగ్గరికొస్తే ఎందుకు ఏడుస్తాడో మరి," అంది పెద్దమ్మ, నిమ్మకు నీరెత్తినట్టు. అమ్మ మెడ పొంగింది.

వాడికి ఏడాదిన్నర వచ్చాక ఒక పొద్దున బుడంకాయ మా వాటా మెట్టు మీంచి బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది. అమ్మ ఒక్క అడుగు దూరంలో బకెట్టు తోముతోంది. "రా నాన్నా" అని రెండు చేతులూ చాచింది. వాడు లేచాడు, అమ్మను చూశాడు, ఆ చేతుల పక్కనుంచి తప్పుకుని, నెత్తురు కారుకుంటూ వాకిలి దాటి పెద్దమ్మ దగ్గరకు పరిగెత్తాడు. పెద్దమ్మ ఎత్తుకుంది. స్వెటర్‌తోనే పెదవి తుడిచింది. అమ్మ చేతులు చాలాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత బకెట్టును ఎంత తోమిందంటే నాన్న వచ్చి కొత్తది కొన్నావా అని అడిగాడు.

ఆ వారమే పెద్దమ్మ తన తమ్ముడి ఇంటికి మూడు రోజులు వెళ్లాల్సొచ్చింది. బస్సులో ఉక్కపోస్తుందని ఎప్పుడూ లేనిది స్వెటర్ వంటింటి మేకుకు తగిలించి వెళ్లింది. బుడంకాయ పొద్దున్నుంచీ గుక్క పట్టి ఏడుపు. అమ్మ అన్నం గిన్నె తెస్తే తోసేశాడు, ఒళ్లోకి లాక్కుంటే విల్లులా వంగి జారిపోయాడు. అమ్మ వాడి వంక చూసింది. మేకు వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు, మొండికేసిన ఆవును చూసే చూపు.

స్వెటర్ తొడుక్కుంది. బొత్తాలన్నీ పెట్టుకుంది. పీట మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, వాణ్ణి పక్కనుంచి దగ్గరకు తీసుకుంది. వాడు రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టాడు. ముక్కు స్వెటర్‌కు రాశాడు. మెల్లగా బొత్తాం వెతుక్కున్నాడు. గిన్నెడన్నమూ తిని నిద్రపోయాడు. అమ్మ తలెత్తి నాకేసి చూసి నవ్వింది. నేను ఆ నవ్వు అంతకుముందు చూడలేదు. నా కోసం ఎప్పుడైనా నవ్విందేమోనని గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు వాడు నిద్రలోనే "పెద్దా" అన్నాడు. పెద్దమ్మను వాడు పిలిచే పిలుపు అది.

అమ్మ నవ్వు ఆగిపోయింది. కానీ వాణ్ణి దించలేదు. "ఎవరితోనూ అనకు" అంది నాతో. తొడుక్కోవడం రెండు రోజులు, భుజాన వేసుకోవడం రెండు రోజులు, పక్కన పెట్టుకోవడం రెండు రోజులు. లెక్క నాకూ తెలుసు. అందుకని పెద్దమ్మ తిరిగొచ్చే పూటకు స్వెటర్ మేకు మీద లేదు. దాణా డ్రమ్ములో, మూత కింద ఉంది.

"నా స్వెటర్ చూశావా చెల్లీ?"

"లేదక్కా. కుక్క లాక్కుపోయిందేమో."

కుక్క మాట వినగానే పెద్దమ్మ ఎందుకో మరి మారు ప్రశ్న వేయలేదు. అయినా వెతికింది. మంచాల కింద, మూటల్లో, పెరట్లో. చలికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వినపడినప్పుడల్లా నేను దాణా డ్రమ్ము వైపు చూసేదాన్ని. అమ్మకూ ఆ దగ్గు పట్టిందనే అనుకుంటాను, ఎందుకంటే ఆ రోజుల్లో పెద్దమ్మకు వేడి పాలు తనే పంపేది. స్వెటర్ మాత్రం పంపలేదు.

మధ్యాహ్నాలు "ఇవాళ నేను పడుకోబెడతాలే అక్కా" అని బుడంకాయను గడ్డిగదిలోకి తీసుకుపోయేది. పెద్దమ్మ ఇంట్లో ఉండగా పని త్వరగా సాగలేదు. ఆరు రోజులనుకున్నది పది రోజులైంది. నేను గుమ్మం దగ్గర కాపలా. వాడు తినడం, నిద్రపోవడం, లేచి అమ్మ మొహం చూసి ఏడవకుండా ఉండటం, ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. ఎనిమిదో రోజున లేచి "అమ్మ" అన్నాడు. అమ్మ గడ్డిలో మొహం పెట్టుకుని కాసేపు తల ఎత్తలేదు.

అంతా బాగానే ఉండేది, ఆవులు లేకపోతే. వాణ్ణి పడుకోబెట్టేసరికి మూడు దాటేది. విప్పే తీరిక లేక అమ్మ స్వెటర్ మీదే ఖాకీ చొక్కా తొడుక్కుని పొదుగు దగ్గర కూర్చునేది. పాలు పితికే మనిషి, ఇంతమందికి వాసన గురించి పాఠం చెప్పిన మనిషి, తన ఒంటి మీద ఎవరి వాసన ఉందో మరిచిపోయింది. ఆవులు మరిచిపోలేదు. ఎర్రావు ముందు తన్నింది, తర్వాత మిగతావీ పాలు పైకి లాక్కున్నాయి. నాలుగు రోజుల్లో రెండు డబ్బాలు ఒకటైంది. పాలకేంద్రం గుమాస్తా డబ్బా ఊపి చూసి, "ఏంటమ్మా, ఆవులు అలిగాయా?" అన్నాడు. అమ్మ దాణా మార్చింది, ఎర్రావును తిట్టింది, నన్నూ తిట్టింది. స్వెటర్ సంగతి తట్టనే లేదు.

పదో రోజు సాయంత్రం బుడంకాయ నిద్ర మధ్యలో లేచాడు. పెద్దమ్మ ఎత్తుకుంటే ఆగలేదు. "అమ్మ, అమ్మ" అంటూ కొట్టం వైపు చెయ్యి చూపించాడు. పెద్దమ్మ మొహం మాడ్చుకుని వాణ్ణి చంకనేసుకుని కొట్టంలోకి వచ్చింది. అమ్మ ఎర్రావు దగ్గర కూర్చుని ఉంది. ఖాకీ చేతి అంచు కిందనుంచి గోధుమరంగు అంచు బయటికొచ్చి ఉంది.

"కుక్క లాక్కుపోయిందన్నావు," అంది పెద్దమ్మ.

అమ్మ పొదుగు వదల్లేదు. "నీకేమక్కా, నీ దగ్గరికి వాడు ఊరికే వస్తాడు. వేషం వేయాల్సొచ్చింది నాకే."

"ఊరికే వచ్చాడా? ఊరికే వచ్చాడంటావా?" పెద్దమ్మ బుడంకాయను నాకు అందించి చరచరా వెళ్లిపోయింది. వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చి దాణా మూట మీద ఒక బట్ట విసిరింది. నీలం గళ్ల చొక్కా.

అమ్మ లేచి నిలబడింది.

"నువ్వు కొట్టంలోకి పోగానే నీ కోసం ఏడ్చేవాడు. వారం రోజులు గుక్క తిప్పుకోలేదు. నేను ఎత్తుకుంటే గీరేవాడు. ఎర్రావుకు నువ్వు చేసింది చూశా కదా. తీగ మీంచి ఇది తీశా. ఇది కప్పుకుని కూర్చుంటే గానీ నా ఒళ్లో ఆగలేదు నీ కొడుకు. నెల రోజులు పేడ కంపు భరించాను. ఇప్పటికీ వాడి తలకింద దిండు లోపల దాచి పెట్టేది ఇదే."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గింది. "చెప్పాలనిపించలేదు. వాడు నా కోసమే వస్తున్నాడని నేననుకోవాలిగా. నీకెప్పుడూ నేను లాక్కున్నానని ఏడుపు. నాకేమో, పొద్దున ఆరింటికి వాడు ఎవర్ని వెతుక్కుంటూ నా మొహం మీద ముక్కు పెడతాడో తెలుసు కదా, ఆ ఏడుపు."

అమ్మ ఆ చొక్కా తీసుకుని వాసన చూసింది. "దీనికి నీ వాసనే వస్తోంది," అంది. పెద్దమ్మ స్వెటర్ అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "దీనికి ఆవుల కంపు," అంది. ఇద్దరిలో ఒకరైనా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

మర్నాడు పొద్దున అమ్మ తొట్టి వాకిలి మధ్యలో పెట్టి, ఇద్దరి బట్టలూ అందులో పడేసి, సబ్బు తీసింది. ఆ నీలం గళ్ల చొక్కాకు సబ్బు తగలడం అదే మొదలు. పెద్దమ్మ కూడా వచ్చి రెండో పక్క కూర్చుంది. స్వెటర్‌ను అమ్మ నులిమింది, చొక్కాను పెద్దమ్మ నులిమింది. నురగ మోచేతుల దాకా వచ్చింది. తీగ మీద రెండూ పక్కపక్కన నీళ్లు కారుతుండగా బుడంకాయ లేచి గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరూ వాణ్ణి చూశారు. ఎవరూ పిలవలేదు. వాడు వాకిలి మధ్యదాకా వచ్చి ఆగి, అటు చూసి, ఇటు చూసి, వెళ్లి అమ్మ మోకాళ్లు పట్టుకున్నాడు. స్వెటర్ లేదు, ఏమీ లేదు.

అమ్మ వాడి వంక చూడలేదు. పెద్దమ్మ వంక చూసింది. పెద్దమ్మ మెడ ఎర్రగా పొంగి ఉంది. కుళ్లంటే ఏమిటో మా అమ్మకు ఒకరు చెప్పాలా?

"నా చేతులు సబ్బు. నువ్వెత్తుకో అక్కా," అంది.

పెద్దమ్మ చేతులూ సబ్బే. అయినా ఎత్తుకుంది.

ఆ తర్వాత ఆవులు మామూలుగానే ఇచ్చాయి, పాపిడి మాత్రం ఎడమా కుడీ అవుతూనే ఉంది. కుళ్లు సబ్బుకు పోయేది కాదు. ఇప్పటికీ బుడంకాయ ఫోన్ చేస్తే "ముందు ఆవిడకు చేశావా, నాకు చేశావా?" అని అడుగుతుంది అమ్మ. అవతలి వాటాలో పెద్దమ్మ అడిగేదీ అదే.

ఒక్క తగువు మాత్రం తేలలేదు. ఆ రోజు సాయంత్రానికి తీగ మీద స్వెటర్ ఉంది, చొక్కా లేదు. పెద్దమ్మే మళ్లీ దాచిందని అమ్మ, అమ్మే దాచుకుందని పెద్దమ్మ, ఇన్నేళ్లూ ఒకరినొకరు అనుమానించుకుంటూనే ఉన్నారు. పెదనాన్నను అడిగారు, మోకాళ్ల కుర్రాళ్లిద్దర్నీ నిలదీశారు, కుక్కను కూడా తిట్టారు. చొక్కా నా పుస్తకాల సంచిలో అడుగున ఉంది. సబ్బు పెట్టి ఉతికేశారు కదా, దానికి అమ్మ వాసనా లేదు, పెద్దమ్మ వాసనా లేదు. అయినా చాలా ఏళ్లు తలకింద పెట్టుకునే పడుకున్నాను.

నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.