అక్క తిప్పి పంపిన రూపాయి

నా చిన్నప్పుడు మేడ్చల్ అంగడిలో ఒక అక్క వంకాయలు అమ్మేది. అమ్మేది అంటున్నాను గానీ, ఆమె దగ్గర కొన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమె కూడా నాలాంటిదే. మగపిల్లాడు పుట్టాడని ఊరంతా సంబరపడితే, కాదు మొర్రో అని చీర కట్టుకున్న మనిషి. ఇప్పుడు ట్రాన్స్‌జెండర్ అని మర్యాదగా అంటున్నారు. అప్పట్లో మమ్మల్ని పిలిచిన పేర్లు రాయడానికి నాకు చెయ్యి రాదు.

మాది రావల్కోల్. నాకు పదకొండేళ్లో పన్నెండేళ్లో ఉంటాయి. నడక ఆడపిల్లది, మాట ఆడపిల్లది. మా బాపు కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఆ రోజు పొద్దున నన్ను కన్న అవ్వ గాజులు తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ దొరికిపోయాను. బాపు ఈసారి చెయ్యెత్తలేదు. తలుపు బార్లా తీసి, "ఇగ నువ్వు మా ఇంట్ల లేవు. గాళ్లల్లనే కలిసి బతుకు, పో" అన్నాడు. దానికన్నా కొట్టినా బాగుండేది. అవ్వ గడపలో కూర్చుని ఏడ్చిందే తప్ప నన్ను వెనక్కి పిలవలేదు. గాళ్లు అంటే నాకు తెలిసింది ఆ వంకాయల అక్క ఒక్కతే. ఏడ్చుకుంటూ మేడ్చల్ దాకా నడిచాను.

ఆమె ముందు కూలబడి నన్ను పట్నం తీసుకుపొమ్మన్నాను. అక్కడ మనవాళ్ల గుంపులుంటాయి, చప్పట్లు కొట్టి దుకాణాల్లో అడుగుతారు, పూటకింత తిండి దొరుకుతుంది. నాకు తెలిసిన లోకం అంతే. అక్క "తిన్నవా?" అని మాత్రం అడిగింది. తినలేదు. ఆమె కూడా తినలేదని తర్వాత తెలిసింది. తానూ అలాంటి గుంపులోంచే బయటికొచ్చి ఈ గంప పెట్టుకుంది. ఆమె పక్కన బేరాలు సాగడం లేదని మిగతా అమ్మేవాళ్లు గోల చేస్తుంటే, అంగడి గుత్తేదారు ఆ రోజు సాయంత్రం దాకా గడువిచ్చాడట. అప్పటికీ బేరం లేకపోతే జాగా ఖాళీ చేయాలి. నీకు జాగా ఎందుకు, చప్పట్లు కొడితే చాలదా అని నవ్వాడట కూడా.

ఎండ నడినెత్తికి వచ్చినా ఒక్క కాయ కదల్లేదు. అప్పుడొకామె చంకలో పసిబిడ్డతో నేరుగా మా గంప దగ్గరికే వచ్చింది. అక్క మొహం వెలిగిపోయింది, తక్కెడ అందుకుంది. ఆ తల్లి రూపాయి బిళ్ల నా చేతిలో పెట్టి, బిడ్డ తలను అక్క ముందుకు వంచింది. నాకేం తెలుసు? "అక్కా, బోణీ అయింది!" అని ఎగిరి గంతేశాను. అక్క తక్కెడ కింద పెట్టేసింది. ఆమె నా అరుపుకు బెదిరి, దీవెనకు ఆగకుండానే గబగబా వెళ్లిపోయింది.

మా దిక్కు మావాళ్ల దీవెన మంచిదంటారు. పిల్లలకు దిష్టి తగిలితే మా చెయ్యి నెత్తిన పెట్టించుకుంటారు. కొత్త దుకాణం తెరిస్తే మా చేతి రూపాయి గల్లాలో దాచుకుంటారు. అదే చేత్తో వంకాయ ఇస్తే మాత్రం వద్దు. ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

"గది బోణీ గాదు బిడ్డా, బిచ్చం" అంది అక్క. "వంకాయలు తీస్కపోయి ఆమెకియ్యి. వద్దంటే రూపాయి వాపస్ ఇచ్చిరా. జల్దీ ఉరుకు."

అంగీ ఒడిలో కాయలు పోసుకుని ఉరికాను. వంకాయలు చూసి ఆమె వెనక్కి జరిగింది. రూపాయి తిరిగిస్తే బిడ్డను గుండెకు హత్తుకుంది. మావాళ్లు రూపాయి తిప్పి పంపితే శాపం పెట్టినట్టేనని ఆమె భయం. "నేనేం తప్పు జేసిన? నా బిడ్డను ఏమనకుండ్రి" అని నా ముందే ఏడ్చేసింది. గంప వదిలేసి అక్క వెనకే వచ్చింది. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి, "దీవెనకు పైసల్లేవు తల్లీ, ఊకెనే ఇస్త. పైసలు వంకాయలకే" అంది. ఆమె రూపాయి కొంగున ముడేసుకుని, అక్కకు దండం పెట్టి వెళ్లిపోయింది. కాయలు మాత్రం కొనలేదు. చెడ్డ మనిషీ కాదు. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

సాయంత్రం గుత్తేదారు ఆ జాగా వేరేవాళ్లకిచ్చేశాడు. అక్క నన్ను రావల్కోల్ దాకా తీసుకొచ్చి అవ్వకు అప్పజెప్పింది. బాపు నన్ను అరుగు మీద పడుకోనిచ్చాడు గానీ, కన్నుమూసేదాకా నాతో మాట్లాడలేదు. కొన్నాళ్లకు రైల్లో చప్పట్ల చప్పుడు వినిపించి తల తిప్పితే అక్క కనిపించింది. నన్ను గుర్తుపట్టి మొహం పక్కకు తిప్పుకుంది.

ఇప్పుడు పేట్ బషీరాబాద్‌లో నాదొక వంటశాల. వండేది, మోసేది అందరూ మావాళ్లే. మావాళ్లకు పనివ్వండి, మా చేతి వంట కొనండి అని ఆఫీసులన్నీ తిరుగుతూనే తలపండింది. నన్ను స్టేజీ ఎక్కిస్తారు, శాలువా కప్పుతారు. మొన్న దుండిగల్ దగ్గర ఒక కంపెనీవాళ్లు విరాళమని పెద్ద చెక్కు కూడా ఇచ్చారు. వాళ్ల భోజనాలు మాత్రం వేరే చోటు నుంచి వచ్చాయి. చెక్కు వద్దు, ఒక్క పూట మా భోజనం తెప్పించుకోండి అన్నాను. నవ్వి ఊరుకున్నారు. చెక్కు బల్ల మీదే పెట్టి వచ్చేశాను.

వంటశాలలో అందరూ నా మీద పడ్డారు. ఆర్డర్లు లేక పొయ్యి వెలగని రోజులవి. "నీ పౌరుషం వండుకొని తినాల్నా అమ్మా?" అంది అందరికన్నా చిన్నది. ఇవాళ ఆ చిన్నది పనిలోకి రాలేదు. కొంపల్లి సిగ్నల్ దగ్గర కార్ల మధ్య చప్పట్లు కొడుతూ కనిపించిందట. తీసుకురావడానికి బయలుదేరుతున్నాను. వస్తుందో రాదో తెలియదు. దీవెన ఊరికే ఇవ్వాలి బిడ్డా, అన్నమే అమ్మాలి అని చెబుతాను. అంతకు మించి దానికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.