నాన్న బొటనవేలి సున్నం

గురజాల దారిలో ఉన్న మా ఊళ్ళో సున్నం లేని పని లేదు. గోడకు సున్నం, బావిలోకి సున్నం, చెదలొస్తే సున్నం. ఒకప్పుడు బట్టీల పొగ ఆగేది కాదు. సున్నపురాయి తవ్వితే బంగారం తవ్వినట్టేనని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చిపడ్డారు. కలిసొచ్చిన ఆ రోజుల్లోనే బట్టీల వాళ్ళు తలా ఒక ట్రాక్టరు రాయి తోలి లైబ్రరీ కట్టించారు. ఇప్పుడు ఒక్క బట్టీ తప్ప అన్నీ చల్లారిపోయాయి.

మా నాన్న బట్టీలో సున్నం ఎత్తేవాడు. పని దిగాక లైబ్రరీ అరుగు మీద కూర్చుని, చదువు రాని తోటివాళ్ళకు నవలలు చదివి వినిపించేవాడు. పేజీ తిప్పడానికి బొటనవేలు నాలుకకు అద్దుకునేవాడు. ఎంత కడిగినా గోటి సందుల్లో సున్నం పోదు కదా, నాలుక పొక్కేది. ఇంటికొచ్చి కూర కారంగా ఉందని విసుక్కునేవాడు.

"కూరకేం రోగం? ముందు ఆ పుస్తకాలు నాకటం మానుకో," అనేది అమ్మ.

ఆయన చదివిన ప్రతి పుస్తకంలోనూ పేజీ మూలన తెల్లటి వేలిముద్ర ఉండేది. నాన్న పోయాక ఇంట్లో ఉన్న ఫొటో కంటే నాకు ఆ ముద్రలే ఎక్కువ. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఒక పుస్తకం తీసి, ఆ ముద్ర మీద నా వేలు పెట్టి చూసుకునేదాన్ని.

బట్టీలో నాన్నతో కలిసి పనిచేసిన ఒకాయన లైబ్రరీని కనిపెట్టుకుని ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, బాబాయ్ అని పిలుస్తాను. కిందటి వేసవిలో లైబ్రరీకి స్వర్ణోత్సవం చేయాలనుకున్నారు. నాన్న చదివిన పుస్తకం ఒకటి ఆ రోజు నా చేతిలో పెడతానని బాబాయ్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ ఒక్క మాట కోసమే నేను రోజులు లెక్కపెట్టుకున్నాను.

గోడలకు సున్నం కొట్టాలని పుస్తకాలన్నీ గోతాల్లో నింపి వెనక రేకుల షెడ్డులో పెట్టారు. చెదలు పడతాయని బాబాయ్‌కి భయం. బట్టీ నుంచి కాల్చిన సున్నం తెచ్చి గోతాల కిందా మధ్యా దండిగా పోశాడు. దానికి నీళ్ళు తగిలితే సలసలా ఉడుకుతుందని, పక్కనున్నదాన్ని కాల్చేస్తుందని మా ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. కానీ ఆ ఎండల్లో వాన మాట ఎవరికి గుర్తొస్తుంది? ఎవరూ వద్దనలేదు.

పండగకు ముందు ఒక రాత్రి అకాల వాన పడింది. రేకుల సందుల్లోంచి కారింది. తెల్లారేసరికి షెడ్డులోంచి పొగ. నీళ్ళు పోసి ఆర్పే మంట కాదది. బాబాయ్ వట్టి చేతులతో గోతాలు లాగాడట. చేతులు కాలాయే గానీ ఒక్క పుస్తకం దక్కలేదు.

కార్డులు పంచేశారని పండగ ఆపలేదు. ఖాళీ బీరువాల ముందు నిలబడి పెద్దలు పుస్తకం గొప్పతనం గురించి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి బయటికొచ్చేశాను. అరుగు మీద, నాన్న కూర్చునే చోట, రెండు చేతులకూ కట్లతో బాబాయ్ కూర్చుని ఉన్నాడు. అడగాల్సినవన్నీ అడిగేయాలనే వచ్చాను. ఆ కట్లు చూశాక గుమ్మంలోనే ఆగిపోయాను.

"బట్టీలోనే ముసలోణ్ణయినా. నీళ్ళు తగిలితే సున్నం ఏం చేసిద్దో నాకు తెలవదా అమ్మాయ్?" అన్నాడు.

గోడకు చెయ్యి ఆనించి పక్కన కూలబడ్డాను. ఎవరో పులిహోర ఆకు తెచ్చి మా మధ్య పెట్టి వెళ్ళారు. ఆ చేతులతో ఆయనేం తింటాడని నేనే కలిపి నోట్లో పెట్టాను. రెండు ముద్దలు తిని మొహం చిట్లించాడు.

"చానా కారంగా ఉందే," అన్నాడు.

నేనూ కాస్త నోట్లో వేసుకున్నాను. నా నాలుకా చురుక్కుమంది, కానీ అది పులిహోర కారం కాదు. గోడకు కొట్టిన కొత్త సున్నం నా బొటనవేలికి అంటుకుని ఉంది. పుస్తకాలు కాలాయని విన్నప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.